ఓడలోకి సీసాలు మోసుకెళ్తానంటావేంట్రా?

ఒరేయ్ సత్తీ,

నీ మెసేజ్ చదివి మా ఆవిడకి కూడా చూపించాను. ఏ తేదీన బయల్దేరుతున్నారో రాయలేదు, ఎంతమంది వస్తున్నారో రాయలేదు. "నీళ్ల సీసాలో వోడ్కా పోసి మూత మళ్లీ అతికిస్తే పట్టుకోలేరంట కదా, నిజమేనా?" అని మాత్రం అడిగావు. ఇద్దరు పిల్లల తండ్రివయ్యావు, డాలస్‌లో ఇల్లు కొన్నావు, హాస్టల్ బుద్ధి మాత్రం పోలేదు. మన టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కార్నివాల్ కంపెనీ క్రూయిజ్ షిప్పు, ఐదు రాత్రులు, బాబాయిగారూ పిన్నిగారూ కూడా వస్తున్నారు అన్న సంగతి చెల్లెమ్మ మా ఆవిడకి ఫోన్ చేస్తే తెలిసింది. ఫోన్లో చెబితే నువ్వు సగమే వింటావు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

ముందు నీ నీళ్ల సీసా సంగతి తేల్చేద్దాం. ఆ ఉపాయం నీకంటే ముందు చాలామందికి తట్టింది. అందుకే కార్నివాల్ వాళ్లు 2015 జులై నుంచి బయటి నీళ్ల సీసాలే వద్దన్నారు. అంతకుముందు జనం కేసులకి కేసులు నీళ్లు, కూల్‌డ్రింకులు మోసుకొచ్చేవాళ్లు. వాటిలో ఏది నీళ్లో, ఏది నీలాంటి వాడి తెలివో తేల్చాలంటే సెక్యూరిటీ దగ్గర లైను కదిలేది కాదు. మరుసటి ఏడాది నార్వీజియన్ అనే ఇంకో క్రూయిజ్ కంపెనీ కూడా అదే దారి పట్టింది. వాళ్లయితే కూల్‌డ్రింకులు కూడా కట్ చేశారు. పసిపిల్లల పాలకి, నిద్రలో శ్వాస మిషన్ పెట్టుకునేవాళ్లకి కావలసిన డిస్టిల్డ్ వాటర్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు. అంటే నువ్వు కనిపెట్టాననుకున్న ఉపాయం వల్లే, ఏ పాపం తెలియని ముసలివాళ్లు కూడా నీళ్ల సీసా పట్టుకెళ్లలేకపోతున్నారు.

ఇంకా రకరకాల వేషాలున్నాయిలే. సన్‌స్క్రీన్ ట్యూబులా కనిపించే ఫ్లాస్కులు అమ్ముతారు. మౌత్‌వాష్ సీసాలో వోడ్కా పోసి నీలం రంగు కలిపేవాళ్లున్నారు. ఎక్స్‌రే దగ్గర కూర్చున్నవాళ్లకి వారం వారం అదే పని, వాళ్లకి తెలియని వేషం లేదు. లగేజీలో అనుమానం వస్తే ఆ పెట్టె నీ గది దాకా రాదు. సాయంత్రం అందరి పెట్టెలూ వచ్చి నీది రాకపోతే, కింద సెక్యూరిటీ గదికెళ్లి వాళ్ల ముందే తెరవాలి. వేరే కంపెనీ షిప్పులో మా పక్క గదాయన అలాగే వెళ్లి, సీసా వదిలేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చి, డిన్నర్ టేబుల్ దగ్గర మాకందరికీ అన్యాయం అన్యాయం అని ఒకటే గోల. ఆయన భార్య మాత్రం తలెత్తలేదు. బాబాయిగారి ముందు నీకు ఆ గతి పట్టకూడదు. అలా పట్టుకున్న సీసాలు కొన్ని కంపెనీలు చివరి రోజు తిరిగిస్తాయి. కార్నివాల్ వాళ్లు పారేస్తారు, డబ్బులు కూడా ఇవ్వరు.

సరే, ఏది తీసుకెళ్లొచ్చో చెప్తా. 21 దాటిన ప్రతి మనిషీ ఒక్కో 750 మిల్లీలీటర్ల వైన్ గానీ షాంపేన్ గానీ తెచ్చుకోవచ్చు. సీలు తీయకూడదు, సీసాలోనే ఉండాలి, డబ్బాలో వచ్చే వైన్ పనికిరాదు. ఎక్కే రోజు చేతి బ్యాగులోనే ఉండాలి. పెద్ద పెట్టెలో వేసి పోర్టర్‌కి ఇచ్చావో, పై కథే మళ్లీ. గదిలో తాగితే ఎవరూ ఏమీ అడగరు. అదే సీసా డైనింగ్ రూమ్‌కి పట్టుకెళ్లి తెరవమంటే 15 డాలర్లు కార్కేజ్ అని వేస్తారు. సీసా ఖరీదే 12 డాలర్లయితే, తెరిచినందుకు 15! అందుకని మేం గదిలోనే గ్లాసులో పోసుకుని, ఆ గ్లాసు పట్టుకుని నెమ్మదిగా భోజనానికి వెళ్తాం. విస్కీ, రమ్ము, బీరు ఏదీ కుదరదు.

కూల్‌డ్రింకులయితే మనిషికి 12. క్యాన్లు గానీ అట్టపెట్టెల్లో వచ్చేవి గానీ, ఒక్కోటి 12 ఔన్సులు దాటకూడదు, అంటే మన లెక్కలో 355 మిల్లీలీటర్లు. ప్లాస్టిక్ సీసా, గాజు సీసా రెండూ వద్దు. ఇక్కడే మన ఇండియన్ స్టోర్ పనికొస్తుంది. థమ్సప్ క్యాన్లు, పిల్లలకి ఫ్రూటీ, పిన్నిగారికి అట్టపెట్టెలో కొబ్బరినీళ్లు. మీరు ఇంతమంది ఉన్నారు కాబట్టి మీ అందరి వాటా కలిపితే ఒక చిన్న కిరాణా కొట్టే పెట్టుకోవచ్చు. అవి కూడా చేతి సామాన్లలోనే, మొదటి రోజే. మోయాల్సింది నువ్వే, గుర్తుంచుకో.

నీళ్లకి అసలు బెంగ పెట్టుకోకు. బాబాయిగారు "సముద్రం మీద నీళ్లెలా ఉంటాయో, కడుపు పాడవుతుందేమో" అంటున్నారట కదా. ఆ షిప్పులన్నీ సముద్రపు నీటిని ఆవిరి చేసి గానీ, రివర్స్ ఆస్మోసిస్‌తో, అంటే సన్నటి పొరల గుండా వడగట్టి గానీ మంచినీళ్లు చేసుకుంటాయి. క్లోరిన్ వేస్తారు, ఖనిజాలు కలుపుతారు. గదిలో కుళాయి నీళ్లు నిక్షేపంగా తాగొచ్చు. అమెరికా రేవులకొచ్చే షిప్పుల నీళ్లనీ వంటగదుల్నీ అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ వాళ్లు తనిఖీ చేస్తారు, 1970ల నుంచీ నడుస్తోంది ఆ పద్ధతి. ఖాళీ స్టీలు సీసా ఒకటి తెచ్చుకోండి, బఫే దగ్గర నింపుకోవచ్చు. కాఫీ, టీ, నిమ్మరసం, ఐస్ టీ అక్కడ ఉచితమే. అయినా బాబాయిగారికి సీసా నీళ్లే కావాలంటే ముందే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టు, కేసు గదికే తెచ్చిస్తారు. అక్కడికక్కడ ఒక్కో సీసా కొనే కంటే చవక.

కాఫీ మాత్రం, చెప్పక తప్పదు, రంగునీళ్లే. ఇన్‌స్టంట్ కాఫీ సాచెట్లు సీలుతో ఉన్నవి తీసుకెళ్లు, బఫేలో వేడినీళ్లు దొరుకుతాయి. ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం పెట్టెలో పెట్టకు. రైస్ కుక్కర్ సంగతి పిన్నిగారికి ఇప్పుడే చెప్పేయ్! ఇలాంటి వేడెక్కే పరికరాల్ని సెక్యూరిటీ వాళ్లు ఆపేస్తారు, ఇస్త్రీ పెట్టె కూడా. షిప్పులో నిప్పంటుకుంటే పరిగెత్తడానికి రోడ్డుండదు కదా. ఇంట్లో వండిన పులిహోర, గోంగూర పచ్చడి కూడా రానివ్వరు. కొట్లో కొన్న, సీలు తీయని ప్యాకెట్లకి అభ్యంతరం లేదు. అందుకని ప్యాకెట్ ఆవకాయ, మిక్చరు, కారప్పొడి తీసుకోండి. పొద్దున బఫేలో పెరుగు దొరుకుతుంది, అన్నం ఎలాగూ ఉంటుంది, పెద్దవాళ్లకి ఇబ్బంది ఉండదు.

ఇదంతా ఎందుకింత కట్టుదిట్టం అంటావు, నాకు తెలుసు. గొడవలు, తాగి కిందపడటాలు, 21 నిండని పిల్లల చేతికి సీసాలు అందటం, అవన్నీ నిజమే. బార్‌లో అయితే ఎవడెంత తాగాడో కనిపెట్టొచ్చు, గదిలో తలుపేసుకుని తాగేవాణ్ని ఎవరు చూస్తారు? కానీ నన్నడిగితే అసలు సంగతి డబ్బు. కార్నివాల్ కంపెనీ 2023 లెక్కల్లో ఆదాయం సుమారు 21.6 బిలియన్ డాలర్లు. అందులో టిక్కెట్ల మీద వచ్చింది 14 బిలియన్లు. మిగతా ఏడున్నర బిలియన్లు షిప్పెక్కాక మనం పెట్టే ఖర్చులూ, అలాంటివీ. మూడోవంతు కంటే ఎక్కువ! బార్లు, కేసినో, ఊళ్లు చూపించే టూర్లు, ఫొటోలు. సినిమా హాల్లో టిక్కెట్ కంటే పాప్‌కార్న్ మీద సంపాదిస్తారు చూడు, అదే లెక్క. నాకు దీని మీద పెద్ద కోపం లేదు. తాగేవాళ్ల పుణ్యాన తాగనివాళ్లకి టిక్కెట్ చవగ్గా వస్తోంది, పిన్నిగారి టిక్కెట్‌లో సగం నీలాంటి వాళ్లే కడుతున్నారనుకో.

అసలు కోపం రావాల్సింది డ్రింక్స్ ప్యాకేజీ మీద, అంటే రోజుకింతని ముందే కట్టేసి తాగే పద్ధతి మీద. నువ్వు ఎలాగూ అడుగుతావు కాబట్టి ముందే చెప్తున్నా, కొనకు. రోజుకి మనిషికి 60 డాలర్ల పైమాటే, దాని మీద సర్వీస్ చార్జి వేరే. ప్రయాణం మొత్తానికీ కొనాలి, ఒక్క రోజుకి కుదరదు. దీనికి తోడు ఒకే గదిలో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు కొంటే మిగతావాళ్లు కూడా కొనాల్సిందే. చెల్లెమ్మ జన్మలో చుక్క ముట్టదు, అయినా ఆవిడ పేరు మీద కూడా కట్టాలి. ఇద్దరికీ కలిపి లెక్కేసుకుంటే రోజుకి 120, సర్వీస్ చార్జితో 140 దాటుతుంది. ఆ డబ్బు రాబట్టాలంటే నువ్వొక్కడివే ఇద్దరి వాటా తాగాలి. అదీ కుదరదు, 24 గంటల్లో 15 గ్లాసులు దాటితే మద్యం పోయరు. నువ్వు 15 దాకా వెళ్తావనే నా భయం కూడా అనుకో. సాయంత్రం రెండు గ్లాసులు విడిగా కొనుక్కుంటే మూడోవంతు ఖర్చులో అయిపోతుంది. బార్‌లో పనిచేసేవాళ్లలో మన దేశపు కుర్రాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లతో నాలుగు మాటలు మాట్లాడు, ఏ బార్‌లో ఎప్పుడు రద్దీ ఉండదో వాళ్లే చెప్తారు.

మెక్సికోలోని కోజుమెల్‌లో దిగాక టెకీలా కొంటావు, అది ఖాయం. కొనుక్కో, తప్పులేదు. తిరిగి షిప్పెక్కేటప్పుడు అక్కడే తీసుకుని రసీదు ఇస్తారు, చివర్లో గదికి పంపిస్తారు. షిప్పులోని డ్యూటీ ఫ్రీ కొట్లో కొన్నా అంతే, అప్పటికప్పుడు చేతికివ్వరు. అమెరికాలోకి మనిషికి ఒక లీటరు వరకూ కస్టమ్స్ సుంకం ఉండదు. కానీ మన టెక్సస్ వాళ్లది వేరే సంసారం. గాల్వెస్టన్ టెర్మినల్ నుంచి బయటకొచ్చేచోట రాష్ట్ర ఆల్కహాల్ కమిషన్ వాళ్లు కౌంటర్ పెట్టుకుని కూర్చుంటారు, ప్రతి సీసాకీ రాష్ట్రపు పన్ను కట్టాలి. "కస్టమ్స్ వాళ్లు వదిలేశారు కదా" అని వాదించకు, ఇది వేరే పద్దు. పెద్ద మొత్తమేం కాదు, కట్టేసి రా.

అన్ని కంపెనీలూ ఒకేలా ఉండవులే. డిస్నీ వాళ్లు పిల్లల షిప్పులు నడుపుతారన్న మాటేగానీ, పెద్దవాళ్లకి వాళ్లే నయం. ఎక్కే రోజే కాదు, ప్రతి రేవులోనూ మనిషికి రెండు వైన్ సీసాలు గానీ ఆరు బీర్లు గానీ తెచ్చుకోనిస్తారు. వైకింగ్ వాళ్లయితే సొంత మందు తెచ్చుకోమంటారు, కార్కేజ్ కూడా లేదు. కాకపోతే వాళ్ల టిక్కెట్ చూస్తే మనకి తాగకుండానే తల తిరుగుతుంది. ఇటు ఎమ్మెస్సీ అనే క్రూయిజ్ కంపెనీ వాళ్లు వైన్ సీసా కూడా రానివ్వరు. మన వైజాగ్‌కి 2022 జూన్‌లో కార్డీలియా కంపెనీ వాళ్ల ఎంప్రెస్ షిప్పు వచ్చింది చూడు, మా బావమరిది వాళ్లు ఎక్కారు. అందులో కూడా బయటి మందు, బయటి తిండి రెండూ నిషేధమే. ఆ షిప్పు అంతకుముందు రాయల్ కరీబియన్ వాళ్లది. ఎన్ని సముద్రాలు మారినా ఆ ఒక్క రూలు మాత్రం వెంటే వచ్చినట్టుంది.

తమాషా ఏంటంటే, ఒకప్పుడు ఇదే అమెరికాలో జనం షిప్పెక్కేదే తాగడానికి. 1920 నుంచి 1933 దాకా దేశమంతా మద్యనిషేధం కదా. 1923లో సుప్రీంకోర్టు, దేశపు జలాలు దాటాక అమెరికన్ షిప్పుల్లో మందు అమ్ముకోవచ్చు, లోపల ఉన్నంతసేపూ విదేశీ షిప్పుల్లో కూడా ఉండటానికి వీల్లేదు అని తీర్పిచ్చింది. దాంతో ఎక్కడికీ వెళ్లకుండా సముద్రంలో ఒక చుట్టు తిరిగొచ్చే ప్రయాణాలు కూడా నడిచాయి. ఎన్టీఆర్ హయాంలో మనవాళ్లు పక్క రాష్ట్రానికి బస్సెక్కేవాళ్లు చూడు, వీళ్లు షిప్పెక్కారు.

రేట్లు, సైజులు మారుతుంటాయి, బయల్దేరే వారం ముందు కంపెనీ వాళ్ల రూల్స్ ఒకసారి చూసుకో. బాబాయిగారి మందులు అన్నీ వాటి డబ్బాల్లోనే, చేతి బ్యాగులోనే పెట్టు. పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది. పిల్లల ఈత బట్టలు కూడా ఆ చేతి బ్యాగులోనే పడేయ్, లేకపోతే మధ్యాహ్నమంతా స్విమ్మింగ్ పూల్ చూస్తూ ఏడుస్తారు.

ముందు రోజు రాత్రికి మా ఇంటికొచ్చేయండి. డాలస్ నుంచి తెల్లారగట్ల డ్రైవ్ చేసుకుంటూ వస్తానంటే నేను ఒప్పుకోను, పెద్దవాళ్లున్నారు. మా ఆవిడ గుత్తి వంకాయ కూర చేస్తానంది. తెల్లారాక మీ కారు మా ఇంటి ముందే వదిలేయండి, టెర్మినల్ పార్కింగ్ డబ్బులు మిగులుతాయి, నేను దింపి వస్తాను. తేదీ మాత్రం ఈసారైనా రాయి.

నీ
శీను