కాంక్రీటు కాలదు సరే, మీరు వదిలేసిన కన్నాల సంగతేంటి?

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి, కంపెనీ యాజమాన్యానికి,

2023 ఆగస్టులో మీరు పొసెషన్ ఇచ్చిన ఫ్లాట్లలో మాది ఒకటి. స్టిల్టు మీద 9 అంతస్తుల బ్లాకు, మేముండేది 7వ అంతస్తులో. పోయిన నెల రాత్రి రెండు గంటలప్పుడు మా బ్లాకులో కేబుళ్లన్నీ కింద నుంచి పైకి వెళ్లే కరెంటు షాఫ్టులో మంటలొచ్చిన సంగతి మీకు తెలుసు. మూడుసార్లు ఫోన్ చేశాను, మూడుసార్లూ ఒకటే మాట, "సార్, అది ఆర్‌సీసీ బిల్డింగ్, ఏమీ కాదు, అనవసరంగా టెన్షన్ పడకండి" అని. రాడ్లు వేసి పోసిన కాంక్రీటు బిల్డింగు కాలదని మీ ఉద్దేశం. అందుకే ఫోన్లు మానేసి రాస్తున్నాను.

ఆ రాత్రి 3వ అంతస్తు దగ్గర కేబుల్ జాయింటు కాలింది. వాచ్‌మన్ పరుగెత్తి మెయిన్ ఆపేశాడు, మంట షాఫ్టు దాటి బయటికి రాలేదు. కానీ నేను మా తలుపు తీసేసరికి కారిడార్ నిండా నల్లటి పొగ, ఎక్కడో నాలుగంతస్తుల కింద మంట పుడితే ఇక్కడ నా చెయ్యి నాకు కనబడలేదు. మా అమ్మకి 74 ఏళ్లు, వాకర్ లేకుండా అడుగు వెయ్యలేదు. ఆవిడని పట్టుకుని మెట్ల దాకా వెళ్తే అక్కడ ఇంకా ఎక్కువగా ఉంది. వెనక్కొచ్చి తలుపు మూసి, దుప్పటి తడిపి తలుపు కింద కుక్కి, బాల్కనీలో నలభై నిమిషాలు కూర్చున్నాం. అమ్మ రెండు రోజులు దగ్గుతూనే ఉంది.

మర్నాడు తెలిసిన ఎలక్ట్రీషియన్ని పిలిచి ప్రతి అంతస్తులో షాఫ్టు తలుపు తీయించాను. కింద నుంచి టెర్రస్ దాకా ఖాళీ. కేబుళ్లు స్లాబు దాటే ప్రతిచోటా మంటని ఆపే మెటీరియల్‌తో మూసెయ్యాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో ఉంది కదా, మీ ఇంజినీర్లకి అది కొత్తేం కాదు. మా బ్లాకులో ఒక్క అంతస్తులో కూడా మూయలేదు, 5వ అంతస్తులో మాత్రం ఒక ఖాళీ సిమెంటు సంచి కుక్కి ఉంది. మీరు కట్టింది కరెంటు షాఫ్టు కాదు, పొగగొట్టం. వైర్ల మీద పీవీసీ తొడుగు కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, అది కళ్లనీ గొంతునీ మండించేస్తుంది, దానికి కార్బన్ మోనాక్సైడ్ తోడైతే మనిషి నాలుగు మెట్లు దిగేలోపే పడిపోవచ్చు.

2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు చనిపోయారు, పనికోసం నగరానికొచ్చిన యువతీ యువకులు. వాళ్లని చంపింది పొగ. ఆ బిల్డింగు కూడా కాంక్రీటుదే. లండన్‌లో 2017 జూన్ 14న గ్రెన్‌ఫెల్ టవర్‌లో ఒక ఫ్లాటు వంటింట్లో ఫ్రిజ్ దగ్గర మొదలైన మంట 72 మందిని బలితీసుకుంది. ఆ 24 అంతస్తుల కాంక్రీటు ఫ్రేము ఆ మంటల్లో కూలలేదు, నిలబడింది. మంటని పైకి మోసుకెళ్లింది గోడలకి బయట బిగించిన, మధ్యలో పాలిథీన్ ఉన్న అల్యూమినియం ప్యానెళ్లు. కాబట్టి దయచేసి ఇంకోసారి "ఆర్‌సీసీ" అని నాకు సమాధానం చెప్పకండి.

గ్రెన్‌ఫెల్ పేరు ఎందుకు ఎత్తానంటే మా బ్లాకు ముందుభాగమంతా మీరు బిగించింది ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లే. టెర్రస్ మీద మీ వాళ్లు వదిలేసిన ముక్క ఒకటి దొరికింది, రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య నల్లటి ప్లాస్టిక్. చిన్న ముక్క కోసి, పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని లైటర్ మంట చూపిస్తే కొవ్వొత్తిలా కరిగి, మండుతూనే బొట్లుబొట్లుగా కిందపడింది. నా చేతిలో జరిగింది ల్యాబ్ పరీక్ష కాదని నాకూ తెలుసు. మినరల్ కలిపిన, అంత తేలిగ్గా అంటుకోని రకం కూడా మార్కెట్లో ఉంది, మీ బ్రోచర్‌లో రాసింది ఆ రకమే. గోడకి ఉన్నది అదేనా కాదా అనేది మీరు కాగితంతో చూపించాలి.

మెట్ల తలుపుల సంగతి దీనికన్నా బాధాకరం. అక్కడ 120 నిమిషాలు మంటకి తట్టుకునే ఫైర్ డోర్లు ఉండాలి, తలుపు అంచున వేడికి ఉబ్బి సందు మూసేసే పట్టీ ఉండాలి, దానంతటది మూసుకోవాలి. 4, 6, 7 అంతస్తుల్లో ఉన్నవి మామూలు ఫ్లష్ డోర్లు, ఎర్ర రంగు వేసి పైన "ఫైర్ ఎగ్జిట్" స్టిక్కరు అంటించారు. ఆ స్టిక్కర్‌ని నమ్మే మా అమ్మని అటు తీసుకెళ్లాను.

ఇంకొకటి. షాఫ్టులో 3వ అంతస్తు దగ్గర స్లాబు అంచు పెచ్చులూడి రాడ్లు బయటపడ్డాయి. కాంక్రీటు కాలదు నిజమే, కానీ లోపలి తడి ఆవిరై తన్నడంతో పెచ్చులు లేచిపోతాయి, 300 డిగ్రీలు దాటాక దాని బలం తగ్గడం మొదలవుతుంది, కంకరని బట్టి గులాబీ రంగు తిరుగుతుంది కూడా. రాడ్డుకి రక్షణ దాని మీదున్న ఆ అంగుళం కాంక్రీటే, 600 డిగ్రీల దగ్గరికొచ్చేసరికి ఉక్కు బలం దాదాపు సగం పోతుంది. అక్కడ వేడి ఎంతదాకా వెళ్లిందో స్ట్రక్చరల్ ఇంజినీరు తట్టి చూసి చెప్పాల్సిన చోట, మీ సైట్ వాళ్లు మూడోరోజే సిమెంటు పూసి వెళ్లిపోయారు. పూతకి ముందు తీసిన ఫోటోలు నా దగ్గరున్నాయి, జతచేస్తున్నాను.

నేను అడిగేది డబ్బు కాదు. షాఫ్టులన్నీ ప్రతి అంతస్తులో సరైన ఫైర్ స్టాప్ మెటీరియల్‌తో మూయించండి, మా ఒక్క బ్లాకులోనే కాదు, మూడు బ్లాకుల్లోనూ. సర్టిఫికెట్ ఉన్న ఫైర్ డోర్లు పెట్టండి. ఏసీపీ కొన్న బిల్లు, టెస్ట్ రిపోర్టు అసోసియేషన్‌కి ఇవ్వండి, అది పాలిథీన్ రకమే అయితే మీ ఖర్చుతో పీకించి మార్చండి. పూసిన సిమెంటు తీసి స్లాబు చూపించండి.

ఇళ్లు కొన్నవాళ్ల రక్షణకి వచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం, అదే రెరా, 14వ సెక్షన్ ప్రకారం పొసెషన్ ఇచ్చిన ఐదేళ్లలోపు బయటపడిన లోపాన్ని, చెప్పిన 30 రోజుల్లో ఉచితంగా సరిచేయడం మీ బాధ్యత. ఈ ఉత్తరం అందిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కపెడతాం. తర్వాత ఇవే ఫోటోలతో రెరాకీ, ఫైర్ డిపార్ట్‌మెంటుకీ వెళ్తాం, 41 మంది ఓనర్లు ఇప్పటికే సంతకం చేశారు. ఈలోగా రాత్రిపూట షాఫ్టుల దగ్గర తిరగడానికి మేమే ఇంకో వాచ్‌మన్‌ని పెట్టుకున్నాం, అమ్మని మా చెల్లెలి ఇంటికి పంపించాను, వాళ్లది గ్రౌండ్ ఫ్లోర్. ఆవిడ ఎప్పుడు తిరిగి రావచ్చో నాకు మీ దగ్గర్నుంచి తేదీ కావాలి. ఫోన్‌లో వద్దు, రాసి పంపండి.

ఇట్లు,
7వ అంతస్తు ఫ్లాట్ ఓనరు