హవాయి వాసులంతా హవాయియన్లు కారు

సంపాదకుల వారికి,

అమెరికా వార్తలు తెలుగు చేసేటప్పుడు అక్కడి రాష్ట్రాల జనాన్ని ఇంగ్లిష్ పేర్లతోనే రాసేయడం మన పత్రికల్లో మామూలైపోయింది. టెక్సన్లు, కాలిఫోర్నియన్ల దాకా పాఠకుడు ఎలాగో నెట్టుకొస్తాడు. 'హవాయియన్లు' దగ్గర మాత్రం వార్తే తప్పవుతోంది.

హవాయియన్ అంటే ఆ దీవుల పాలినేషియన్ (పసిఫిక్ దీవుల జాతి) మూలవాసి. అక్కడ స్థిరపడిన జపనీయులు, ఫిలిప్పినోలు, తెల్లవాళ్లు ఎన్ని తరాలు గడిచినా హవాయి వాసులే. బరాక్ ఒబామా 1961లో హొనొలులులో పుట్టారు. ఆయనా హవాయియన్ కారు. ఈ తేడా చట్టంలోనూ ఉంది. 1921 నాటి హవాయియన్ హోమ్స్ కమిషన్ చట్టం కింద భూమి లీజుకు దరఖాస్తు పెట్టాలంటే, 1778కి ముందు ఆ దీవుల్లో ఉన్నవారి రక్తం కనీసం సగం ఉండాలి. మూలవాసుల వ్యవహారాలు చూసే రాష్ట్ర కార్యాలయానికి ట్రస్టీలను ఎన్నుకునే ఓటు హవాయియన్లకే ఉండేది. 'రైస్ వర్సెస్ కయెటానో' కేసులో 2000లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. కేసు వేసిన రైస్ హవాయిలోనే పుట్టిన తెల్లజాతీయుడు. ఆయన్ను 'హవాయియన్' అని రాశామా, ఆ తీర్పుకు తలా తోకా ఉండదు!

అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ శైలి నియమాల ప్రకారం అక్కడి సాధారణ నివాసిని 'హవాయి రెసిడెంట్' అనే రాయాలి. ఏజెన్సీ కాపీ జాగ్రత్తగా వచ్చినా, హెడ్డింగులో చోటు చాలదని డెస్కులో 'హవాయియన్' అని కుదిస్తే ఆ జాగ్రత్తంతా గాలికి పోతుంది. 'హవాయి వాసి'కి పట్టే చోటూ ఇంచుమించు అంతే కదా.

మిగతా రాష్ట్రాలతో ఇంత చిక్కు లేదు. ఇండియానా వాళ్లు 'హూజర్లు'. ఫెడరల్ ప్రభుత్వ ముద్రణ విభాగం శైలి పుస్తకం 2017లో ఆ మాటనే ఖాయం చేసింది. మసాచుసెట్స్ వాళ్లయితే 1990లో ఏకంగా చట్టం చేసుకుని 'బే స్టేటర్లు' అయ్యారు. సరదా సంగతులే గానీ, మన పాఠకుడికి 'ఇండియానా వాసులు', 'మసాచుసెట్స్ వాసులు' చాలు. పైగా హూజర్స్ ఇండియానా యూనివర్సిటీ జట్ల పేరు, టెక్సన్స్ హ్యూస్టన్ ఫుట్‌బాల్ జట్టు పేరు. 'టెక్సన్ల ఓటమి' అని కాపీలో కనిపిస్తే అది ఎన్నికల వార్తో ఆటల వార్తో ముందు చూసుకోవాలి.

'వాషింగ్టోనియన్లు' అన్నప్పుడు ఇంకో తిరకాసు. రాష్ట్రం పేరూ అదే, రాజధాని పేరూ అదే. వార్త సియాటిల్ నుంచో ఒలింపియా నుంచో వస్తే 'వాషింగ్టన్ రాష్ట్ర వాసులు' అనీ, రాజధాని నుంచి వస్తే, కాపీ చివరిదాకా చదివాకే, 'వాషింగ్టన్ డీసీ వాసులు' అనీ విడదీసి రాయించండి.

— ఒక పాఠకుడు, విజయవాడ