రామప్పకు హోదా వచ్చింది, పాలంపేట మాటేమిటి?

సంపాదకులకు నమస్కారాలు.

రామప్ప దేవాలయానికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా లభించింది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ ఆ గుర్తింపు పొందిన మొదటి కట్టడం అదే. మరుసటి ఏడాది డిసెంబరులో పుణ్యక్షేత్రాల అభివృద్ధికి కేంద్రం చేపట్టిన ప్రసాద్ పథకం కింద సుమారు 62 కోట్ల రూపాయల పనులకు స్వయంగా రాష్ట్రపతి శంకుస్థాపన చేశారు. సంతోషమే. అయితే ఈ సందడిలో పాలంపేట అన్న పేరు గుడి చిరునామాగా తప్ప, మనుషులు కాపురాలుంటున్న ఊరుగా ఎక్కడా వినిపించడం లేదు.

పురాతన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి ఉంటేనే కట్టుకోవాలి. నిషిద్ధ ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా దరఖాస్తు తప్పదు. ఈ హద్దు ఉండవలసిందేనని నా అభిప్రాయం; అది లేకుంటే గుడి శిఖరం కంటే ఎత్తయిన లాడ్జీలు ఈపాటికే లేచేవి. కానీ వాన కురిసే ఇంటికి గూన మార్చుకోదలచిన రైతూ, లాడ్జి కట్టదలచిన వ్యాపారీ దరఖాస్తు పట్టుకొని ఒకే అధికారి వద్దకు వెళ్లవలసి వచ్చినప్పుడు, కాగితాలు నడిపించగల మనుషులు వ్యాపారికే ఉంటారు.

దీనికి మందు ఆ చట్టంలోనే ఉంది. ప్రతి రక్షిత కట్టడానికీ విడిగా వారసత్వ ఉపనిబంధనలు రూపొందించాలనీ, చుట్టుపక్కల ఇళ్ల ఎత్తు, ముఖభాగం, మురుగు కాలువలు, రోడ్లు ఎలా ఉండాలో వాటిలో చెప్పాలనీ అది నిర్దేశించింది. వాటి తయారీలో ఇంటాక్ వంటి వారసత్వ పరిరక్షణ నిపుణుల సంస్థలను సంప్రదించాలని పేరు పెట్టి మరీ చెప్పిన ఆ సెక్షన్‌లో గ్రామసభ ప్రస్తావన లేదు. ముసాయిదాను వెబ్‌సైటులో ఉంచి అభ్యంతరాలు కోరితే ఊరిని అడిగినట్టు కాదు.

చెరువు సంగతి మరీ ముఖ్యం. గుడి, చెరువు, ఊరు మూడింటినీ ఒక్కటిగా చూసినవారు కాకతీయులు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ ఆలయాన్ని నిర్మించిన కాలం నాటిదే రామప్ప చెరువు. దాని కింద నేటికీ వేల ఎకరాలు పండుతున్నాయి. నీటిపై తేలే ఇటుకనూ, ఇసుకపై నిలిచిన పునాదినీ చూసి అబ్బురపడే మనం, ఎనిమిది వందల ఏళ్లుగా పనిచేస్తున్న ఆ కట్టనూ తూములనూ వారసత్వంగా లెక్కించం. రేపు బోటింగు కోసం నీటిమట్టం నిలపాలా, యాసంగికి నీళ్లు వదలాలా అన్న పేచీ వస్తే ఆయకట్టు రైతు మాటే చెల్లాలి.

ఇక ఉపాధి. పర్యాటకుల్లో చాలామంది పొద్దున వచ్చి, గుడి చూసి, లక్నవరం మీదుగానో తిన్నగానో సాయంత్రానికి వరంగల్ చేరుకుంటారు. కొత్త హోటళ్ల కంటే ముందు, ఊళ్లో ఇప్పటికే ఉన్న ఇళ్లలో ఒకటి రెండు గదులను బసకు ఇచ్చుకునే ఏర్పాటు, స్థానిక యువతకు గైడ్లుగా శిక్షణ, పార్కింగు రుసుములో పంచాయతీకి వాటా కల్పిస్తే వారసత్వానికి ఏ హానీ జరగదు. అదే 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ గ్రామాల జాబితాలో చేరిన భూదాన్ పోచంపల్లిలో చూడవలసింది మగ్గంపై బతుకుతున్న ఊరినే గదా.

పురావస్తు శాఖకూ జిల్లా యంత్రాంగానికీ నా విన్నపం ఒకటే. రామప్ప ఉపనిబంధనలపై ఏ నిర్ణయం తీసుకున్నా, దాన్ని ముందుగా తెలుగులో పాలంపేట గ్రామసభలో చదివి వినిపించి, ఏ ఇల్లు 100 మీటర్ల లోపల ఉందో, ఏది 300 మీటర్ల బయట ఉందో చూపే పటాన్ని పంచాయతీ కార్యాలయం గోడపై రంగులతో వేయించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హనుమకొండ