వాగు రైతుల సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనంతా దాదాపు ఒక్క సమస్య చుట్టూనే తిరిగింది. ఓపెన్‌కాస్ట్ గని కోసం మళ్ళించిన వాగు, ఆ వాగు వెంట మన చెరువులోకి దిగుతున్న మట్టి.

"వాగును మళ్ళించారు కాబట్టే ఇదంతా" అని మీటింగుల్లో చాలామంది అన్నారు. కమిటీ అభిప్రాయం కాస్త వేరు. గోదావరి లోయలో బొగ్గు పొరల మీదుగా పారే వాగులు చాలా ఉన్నాయి. వాగును అలాగే వదిలేసి తవ్వితే నీళ్లన్నీ గనిలో పడతాయి, కింద పనిచేసేవాళ్ల ప్రాణాలకే ముప్పు. వాళ్లలో మన ఊరి పిల్లలూ ఉన్నారు. చూడాల్సింది మళ్ళించిన తీరు. పాత వాగు వంకరలు తిరుగుతూ పారేది, కొత్త కాలువను తిన్నగా తవ్వారు. దూరం తగ్గింది, దిగాల్సిన ఎత్తు మాత్రం అంతే. దాంతో వాలూ, నీటి వేగమూ పెరిగాయి. రివిట్‌మెంట్ (గట్టు కోసుకుపోకుండా వేసే రాతి తాపడం) ఉన్నంత మేర గట్టు బాగానే ఉంది. అది ఆగిపోయిన చోటు నుంచి గట్టు కోసుకుపోయి, ఒడ్డున ఉన్న వేపచెట్టు వేళ్లు గాల్లో వేలాడుతున్నాయి. రివిట్‌మెంట్ ఇంకా కిందికి పొడిగించాలని గని అధికారులకు రాసి ఇచ్చాం. సర్వే చేసి వెళ్లారు, పని మొదలుకాలేదు.

అసలు బురద మాత్రం ఓబీ డంపుల నుంచి వస్తోంది. బొగ్గు మీది మట్టిని (ఓవర్‌బర్డెన్, దాన్నే ఓబీ అంటారు) గుట్టలుగా పోస్తారు, వాన పడితే అది కరిగి కిందికి దిగుతుంది. దాన్ని ఆపడానికి డంపు చుట్టూ డ్రెయిన్, అడుగున రాతి గోడ, చివర్లో మట్టి తేరుకునే చెరువు ఉండాలి. మూడూ ఉన్నాయి. కానీ ఆ చెరువు పూడికతో నిండిపోయింది. నీళ్లు ఒక పక్క నుంచి వచ్చి, నిలవకుండానే ఇంకో పక్క నుంచి పోతున్నాయి. ఇసుకైతే రెండు మూడు నిమిషాల్లో మీటరు లోతు దిగుతుంది. సన్నని బంకమట్టికి అదే మీటరు దిగడానికి, నీళ్లు కదలకుండా ఉంటే కూడా, మూడు రోజులు పడుతుంది. చెరువులో గంట కూడా ఆగని నీళ్లలో అది ఎలా తేరుకుంటుంది?

మన కుర్రాళ్లు వానాకాలమంతా ఆ చెరువు మత్తడి దగ్గర సీసాల్లో నీళ్లు పట్టి, తేదీ రాసి పంచాయతీ ఆఫీసు కిటికీలో పెట్టారు. మర్నాటికి అడుగున వేలు మందం ఇసుక, పైన టీ రంగు నీళ్లు. ల్యాబ్ పరీక్షకు ఇది సాటి రాదు, నిజమే. బొగ్గు గనుల నుంచి వాగుల్లోకి వదిలే నీటిలో తేలాడే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదని కేంద్ర ప్రమాణం. అందుకే అధికారుల సమక్షంలో నమూనాలు తీయాలని దరఖాస్తు పెట్టాం. వాళ్లు వచ్చింది ఎండలు ముదిరాక, అప్పటికి నీళ్లు తేటగానే ఉన్నాయి! ఈసారి వాన పడుతుండగానే రావాలని అడుగుతున్నాం.

సమాచార హక్కు చట్టం కింద గని పర్యావరణ అనుమతి పత్రం, ఆరు నెలలకోసారి ఇచ్చే అమలు నివేదికలు తెప్పించాం. డ్రెయిన్లు, సంపులు (నీళ్లు పట్టి ఉంచే గుంతలు) గరిష్ఠ వానకు మించి మరో 50 శాతం తట్టుకునేలా ఉండాలని, పూడిక ఎప్పటికప్పుడు తీయాలని అనుమతిలో ఉంది. నివేదికల్లో ప్రతిసారీ "పాటిస్తున్నాం" అనే ఒక్క మాట. ఎప్పుడు తీశారు, ఎంత తీశారు, ఎక్కడ పోశారు అనేది లేదు. "గరిష్ఠ వాన" అంటే ఏ ఏడాది లెక్క అన్నది కూడా అడగాల్సిందే. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. పాత లెక్కలతో కట్టిన డ్రెయిన్లు ఆ లెక్కన ఏ మూలకు?

డంపు మీద మొక్కలు బాగా నాటారు, అది ఒప్పుకోవాలి. సందర్శకులు వస్తే చూపించేదీ అదే.

మన వైపు నుంచి మన చెరువు తూము దగ్గర పూడికను సభ్యులే ట్రాక్టర్లు పెట్టి తీయించారు. యాసంగికి చివరి మడుల దాకా నీళ్లు అందాయి. తీసిన మట్టిని పొలాల్లో వేసుకోవద్దని మళ్లీ చెబుతున్నాం. ఇది మామూలు చెరువు మట్టి కాదు, ఓబీ మట్టి. ఎండితే సిమెంటులా గట్టిపడుతోంది. భూసార పరీక్ష అయ్యాకే ఏ సంగతీ తేల్చుకుందాం.

జమాఖర్చులు నోటీసు బోర్డులో అంటించాం. సభ్యత్వ రుసుము బాకీలు ఈ నెలాఖరులోగా కట్టాలి. తేరుకునే చెరువు పూడికను మృగశిర కార్తెలోపు తీయిస్తామని గని అధికారులు నోటిమాటగా చెప్పారు. రాతపూర్వకంగా ఇమ్మని అడగడానికి వచ్చే సోమవారం పొద్దున పది గంటలకు వెళ్తున్నాం. రాగలిగినవాళ్లు పంచాయతీ ఆఫీసు దగ్గరికి రండి.

ఇట్లు,
కార్యదర్శి