మన మోడల్ రైల్వే సంఘం వార్షిక నివేదిక: రోడ్లకు, పార్కింగ్ స్థలాలకు ఇచ్చిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పని దాదాపుగా రోడ్ల మీదే సాగింది. పట్టాల మీద, సిగ్నళ్ల మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా రోడ్లకు దక్కడం లేదని గత సర్వసభ్య సమావేశంలో పలువురు అన్నారు. అది నిజమే. పెద్ద లేఅవుట్ మీద, అంటే బల్ల మీద కట్టిన మన నమూనా రైలు మార్గం, పట్టణం మీద, రోడ్లన్నిటికీ ఒకటే నలుపు పూసి ఉండేది. రైలు ఎంత అసలుదానిలా ఉన్నా, పక్కనే ఆ నలుపు కనబడగానే అంతా బొమ్మలా తేలిపోయేది. అందుకే పట్టణం వైపు రోడ్లను తీసేసి మళ్లీ వేయాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ పని పూర్తయింది.

మొదట కొలతలు సరిచేశాం. మనది హెచ్‌ఓ స్కేల్, అంటే 1:87, అసలుదానిలో 87వ వంతు. 12 అడుగుల లేన్ మన బల్ల మీద 42 మిల్లీమీటర్లవుతుంది, రెండు లేన్ల రోడ్డుకు 84 కావాలి. జాగా చాలక ఇన్నాళ్లూ రోడ్లను ఇరుకు చేస్తూ వచ్చాం, ఎదురెదురుగా రెండు లారీలు పెడితే రాసుకునేవి. వెనక గోడ దగ్గరి రోడ్డును మాత్రం కావాలనే కాస్త సన్నగా ఉంచాం, దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది. వాన నీరు జారిపోవడానికి అసలు రోడ్డు మధ్యలో ఎత్తుగా ఉంటుంది కదా, ఇక్కడ స్టైరీన్ అనే ప్లాస్టిక్ షీట్ కింద నడిమధ్యన సన్నటి పట్టీ పెట్టి అంచులు నొక్కి అతికించాం. ఆ ఎత్తు మిల్లీమీటరు కూడా ఉండదు. అయినా పక్క నుంచి వెలుతురు పడితే తేడా ఇట్టే తెలుస్తుంది.

రంగుల వర్క్‌షాప్‌కు ఎక్కువ మంది వచ్చారు. తారు కొత్తలోనే నల్లగా ఉంటుంది. ఎండకు పాలిపోయి, టైర్ల రాపిడికి పైపొర అరిగితే లోపలి కంకర బయటపడుతుంది. కాబట్టి పాత రోడ్డుకు బూడిద రంగే వేయాలి, నలుపును అతుకులకు, పగుళ్లలో పోసిన తారుకు దాచుకోవాలి. గీతలకు మాస్కింగ్ టేప్ అంటించాక ముందు రోడ్డు రంగునే టేప్ అంచు మీద పలచగా పూసి ఆరనివ్వండి. అంచు కింది సందులు మూసుకుపోయి తర్వాత వేసే తెలుపు పాకదు. అచ్చ తెలుపు వద్దు, కొంచెం బూడిద కలపండి.

లెవెల్ క్రాసింగ్ దగ్గర అందరికీ టెన్షనే. రోడ్డు పైభాగం పట్టా పైభాగం కంటే వెంట్రుకవాసి కిందే ఉండాలి, లేకపోతే ఇంజను అడుగు తగులుతుంది. చక్రం అంచు వెళ్లడానికి పట్టా లోపలి పక్క సుమారు 1.3 మిల్లీమీటర్ల సందు వదలాలి. ప్లాస్టర్ వాడినవాళ్లు అది గట్టిపడేలోపే ఒక వ్యాగన్‌ను అటూ ఇటూ నడిపి, పట్టాల మీది పొడిని శుభ్రంగా తుడవాలి. ఆ పొడి ఉంటే ఇంజనుకు కరెంటు సరిగా అందదు. ప్లాస్టరా స్టైరీనా అన్న వాదన ఇంకా తెగలేదు. తీసి పెట్టాల్సిన భాగాలకు స్టైరీనే మేలని నా అభిప్రాయం.

ఈ ఏడాది పనుల్లో నాకు బాగా నచ్చింది మన చిన్న సభ్యులు చేసిన పార్కింగ్ స్థలం. ఒక్కో గడి 32 మిల్లీమీటర్ల వెడల్పు, 63 పొడవు. కార్లు ముందుకు దూరి నిలబడతాయి కాబట్టి నూనె మరకలు గడి లోపలి కొసన, ఇంజను ఆగే చోట మాత్రమే పెట్టారు. దుకాణం తలుపు దగ్గరి గడుల్లో మరకలు ముదురుగా, గీతలు అరిగిపోయి ఉన్నాయి. ఎవరూ వెళ్లని మూల గడులు దాదాపు శుభ్రం, అక్కడి పగుళ్లలో గడ్డి. పాస్టెల్ పొడి వేలితో అద్ది, మ్యాట్ వార్నిష్‌తో నిలబెట్టారు. కారు ఒక్కటీ పెట్టకుండానే ఆ స్థలాన్ని రోజూ వాడుతున్నట్టు ఉంది.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సామాను అరువిచ్చిన సభ్యులకు కృతజ్ఞతలు.

వచ్చే ఏడాది ఎన్ స్కేల్ బల్ల మీద సిమెంటు రోడ్డు వేస్తాం. 1:160లో లేన్ 23 మిల్లీమీటర్లే, కాబట్టి పలకల మధ్య అతుకు గీతలను సూదిమొనతో, చాలా తేలిగ్గా గీయాలి. పాత సిమెంటు రోడ్లను పై నుంచి తీసిన ఫొటోలు మీ దగ్గర ఉంటే మొదటి సమావేశానికి తీసుకురండి. నీడలో ఒకటి, ఎండలో ఒకటి ఉంటే రంగు కలపడం సులువవుతుంది.

కార్యదర్శి