మంచు మీద పుట్టిన పిల్లలు

ప్రియమైన మిత్రునికి,

చెట్టూ పుట్టా లేని అంటార్కిటికాలో పెంగ్విన్లు తమ పిల్లలను ఎక్కడ దాచుకుంటాయని నీవు అడిగావు. జాతికొక తీరు కనుక కొంచెం వివరంగానే రాస్తున్నాను.

ఎంపరర్ పెంగ్విన్‌కు అసలు గూడే లేదు. తీరాన్ని అంటిపెట్టుకుని గడ్డకట్టిన సముద్రం మీద, మే, జూన్ నెలల్లో, అంటే అక్కడ చలి ముదిరే వేళ, ఆడపక్షి ఒకే ఒక్క గుడ్డు పెట్టి, దానిని మగపక్షి పాదాల మీదికి చేర్చి, మేత కోసం సముద్రానికి వెళ్లిపోతుంది. ఆ తండ్రిపక్షి పొట్ట కింది చర్మపు మడతను గుడ్డు మీద కప్పుకుని, సుమారు 65 రోజులు, ఏమీ తినకుండా దానిని పొదుగుతుంది. ఈదురుగాలి వీచినప్పుడు మగపక్షులన్నీ ఒకదానినొకటి ఆనుకుని గుంపుగా నిలబడి, మెల్లగా స్థానాలు మారుతూ వెచ్చదనాన్ని పంచుకుంటాయి. పిల్ల బయటపడే నాటికి తల్లి తిరిగి రాకపోతే, అన్నాళ్లుగా పస్తున్న ఆ తండ్రే తన అన్నవాహికలో ఊరిన పాలవంటి ద్రవాన్ని దానికి అందిస్తుంది. జంతులోకంలో ఇంతకు మించిన పితృప్రేమ నాకు తెలియదు.

అడెలీ పెంగ్విన్లు మంచు లేని నేల చూసుకుని గులకరాళ్లు పేర్చుకుంటాయి. మంచు కరిగి నీరు పారినా గుడ్లు తడవకుండా ఆ రాళ్లు కాపాడుతాయి. అందుకే పక్కగూటి రాళ్లను దొంగిలించడానికి కూడా అవి వెనుకాడవు.

నన్ను బాధించేది ఆఫ్రికా పెంగ్విన్ సంగతి. దక్షిణాఫ్రికా, నమీబియా తీరాల్లోని దీవుల మీద పేరుకుని గట్టిపడిన పక్షిరెట్టల పొరల్లో అవి బొరియలు తవ్వుకునేవి. 19వ శతాబ్దంలో మనుషులు ఎరువు కోసం ఆ పొరలను రాయి తేలేదాకా గీకి తీసుకుపోయారు. నీడ కరువై, ఎండకు తాళలేక తల్లిదండ్రులు గూడు విడిచిన క్షణాన కడలికాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి. ఇప్పుడు మనుషులే కృత్రిమ గూళ్లు అమర్చుతున్నారు. అయినా 2024లో ఈ జాతిని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేర్చవలసి వచ్చింది.

ఉత్తర ధ్రువం వైపు చూస్తే, ధ్రువపు ఎలుగుబంటి మంచుదిబ్బలో గుహ తొలుచుకుని, నడిచలికాలంలో, కిలో బరువైనా లేని గుడ్డి పిల్లలను కని, వసంతం దాకా వాటిని బయటకు తేదు. ఈ ఆశ్రయాలేవీ శాశ్వతం కావు, పిల్ల నిలదొక్కుకునే దాకా నిలిస్తే చాలు. ఎంపరర్ పిల్లలకు నీరు చొరని ఈకలు వచ్చేది డిసెంబరు ప్రాంతంలో. 2022లో అంటార్కిటికాను ఆనుకుని ఉన్న బెల్లింగ్స్‌హాసెన్ సముద్రంలో మంచు అంతకు ముందే విరిగిపోయి, అక్కడ అవి గుంపుగా పిల్లలను పెంచే, తెలిసిన ఐదు స్థావరాల్లో నాలుగింటిలో పిల్లలు దక్కలేదు. 2016లో అంటార్కిటికాలోనే ఉన్న హేలీ బే స్థావరంలో ఇటువంటి విపత్తు వచ్చిన తరువాత, పెద్ద పక్షులు చాలా సమీపంలోని డాసన్-లాంబ్టన్ స్థావరానికి తరలిపోయాయి. అక్కడి మంచు ఎన్నేళ్లు ఆగుతుందోనన్నదే ఇప్పుడు నా బెంగ.

ఇట్లు,
నీ మిత్రుడు