చెరువు లోతు పెంచాం, నీళ్లొచ్చే దారి మూశాం

సంపాదకునికి,

చెరువుల మాట వస్తే పూడిక, కట్ట, తూము, శిఖం (చెరువు నీరు నిలిచే భూమి) కబ్జా గురించే మాట్లాడుకుంటాం. వాన నీటిని చెరువుకు తెచ్చే పాటు కాలువ ఊసు ఎవరూ ఎత్తరు. దేవరకొండ, మాల్, ఆమనగల్లు, జడ్చర్ల, చౌటుప్పల్ రోడ్ల వెంట వెంచర్లు పడుతున్న చోట అన్నిటికన్నా ముందు మాయమయ్యేది అదే. చెరువులో మట్టి పోస్తే ఊరంతా చూస్తుంది, అడుగుతుంది. పైన రెండు కిలోమీటర్ల అవతల కాలువ పూడ్చితే చెరువు నిండని ఏడాది దాకా తెలియదు. తెలిసిననాడు కూడా ‘ఈసారి వానలు తక్కువ’ అని సరిపెట్టుకుంటారు.

2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో తేలిన చెరువులు, కుంటల లెక్క 46,531. పూడిక తీయడం మంచి పని, కాదనం. కానీ పూడిక తీస్తే జాగా వస్తుంది, నీళ్లు రావు. ఒక చెరువుకు వెయ్యి ఎకరాల పరీవాహకం ఉందనుకోండి. గట్టి వానకు ఆ నేల మీది నుంచి ఒక్క అంగుళం నీరు పారినా 83 ఎకరాల్లో అడుగు లోతున నిలిచేంత నీరు చెరువుకు చేరుతుంది. అందులో సగం తెచ్చే కాలువ తెగిందా, 41 ఎకరాల అడుగుల నీరు పోయినట్టే. ఎకరం వరికి సుమారు నాలుగడుగుల నీరు కావాలి. అంటే ఒక్క వానకే పదెకరాల తరి (వరి) పంట పోయింది. పదెకరాల మేర అడుగు మందం పూడిక తీసి సంపాదించిన జాగా పది ఎకరాల అడుగులే.

కాలువను పూర్తిగా పూడ్చడం అరుదు. ఎక్కువగా జరిగేది వెంచర్ రోడ్డు కింద పైపు వేసి ‘కాలువ వదిలాం’ అనడం. ఆరడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కాలువలో నీరు పారే జాగా 18 చదరపు అడుగులు. రెండడుగుల హ్యూమ్ (సిమెంటు) పైపులో అది మూడు చదరపు అడుగులకు కాస్త ఎక్కువ. ఆ కాలువ నీరు పోవాలంటే అలాంటి పైపులు ఆరు కావాలి. వేసేది ఒకటి, మహా అయితే రెండు. వాటి మూతికి సర్కారు తుమ్మ కంప, ప్లాస్టిక్ సంచులు అడ్డం పడితే మొదటి వానకే పని అయిపోతుంది. అక్కడ పైపు కాదు, స్లాబ్ కల్వర్టు కట్టాలి.

పైపు మట్టం ఇంకా పెద్ద తప్పు. పాటు కాలువలు చాలా తక్కువ వాలులో పోతాయి. వెయ్యి అడుగులకు ఒక అడుగు వాలున్న కాలువలో పైపును అడుగు ఎత్తున పెడితే వెనక వెయ్యి అడుగుల దాకా నీరు నిలుస్తుంది. పైన ఉన్న రైతు పత్తి చేను మునుగుతుంది. అతను రాత్రికి రాత్రి గట్టు తెంపి నీళ్లను పక్కకు మళ్లిస్తాడు. కింద ఊరి చెరువు ఎండుతుంది. పంచాయతీ రెండు ఊళ్ల మధ్య పడుతుంది. అడుగు ఎత్తున పైపు పెట్టిన మనిషి మాత్రం ఆ పంచాయతీలో ఎక్కడా ఉండడు. ప్లాట్లు అమ్ముకుని ఎప్పుడో పోయి ఉంటాడు.

మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు దుంకితేనే కింది చెరువుకు నీళ్లు. అందుకే ఒక చోట తెగితే దాని కింద ఉన్నవన్నీ దెబ్బతింటాయి. చెరువు కింద తరి ఉన్నన్నాళ్లు రైతులు కలిసి కూర్చుని వంతులు వేసుకున్నారు, నీళ్లు పంచే నీరటికి మేర (పంటలో వాటా) ఇచ్చి తూము అతని చేతిలో పెట్టారు. కొస మడికి నీరందిందా లేదా అన్నది ఊరి మాటగా ఉండేది. చెరువు ఎండితే ఎవరి బోరు వారిది. అప్పు పుట్టినవాడు ఇంకా లోతుకు వేస్తాడు, పుట్టనివాడు పట్నం కూలికి పోతాడు. ముదిరాజ్‌ల చేపలు, చాకలి రేవు, గొర్ల మందల నీళ్లు, బతుకమ్మ వేసే గట్టు ఒక్కొక్కటే పోతాయి. మర్రిగూడ, మునుగోడు వంటి ఫ్లోరైడ్ నేలలో గ్రానైట్ పొరల్లోని లోతు నీటిని తోడుకోవడం ఎంత చేటో కొత్తగా చెప్పనక్కర్లేదు.

నిబంధనలు లేక కాదు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీరు నిలిచే అంచు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు, పది మీటర్ల లోపు వెడల్పున్న వాగు, కాలువకు 2 మీటర్లు వదలాలి. ఇవన్నీ పక్కన ఎంత వదలాలో చెప్పే కొలతలు. కాలువ అడుగు మట్టం ఎంత, ఎటు వాలు, ఎంత నీరు పోవాలి అన్నవి లేఅవుట్ ప్లాన్ మీద కనపడవు. నీటిపారుదల శాఖ ఇంజనీరు పొలంలో కొలిచి ఆ మూడూ ప్లాన్ మీద రాయనిదే అనుమతి ఇవ్వకూడదు.

అధికారుల కోసం చూడకుండా ఊరు చేసుకోగలిగినదీ ఉంది. సర్వే, భూ రికార్డుల శాఖ నుంచి గ్రామ నక్షా, కాలువ పోయే సర్వే నంబర్ల టీపన్లు (కొలతల పటాలు) తెచ్చుకోవాలి. నక్షాలో వాగులు, కుంటలు, బాటలు గీసి ఉంటాయి. అది చేతిలో పెట్టుకుని కాలువ చెరువులో కలిసే చోటు నుంచి పైకి నడవాలి, పై నుంచి కిందికి కాదు. పైనుంచి వస్తే చీలికల దగ్గర దారి తప్పుతుంది. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ 50 అడుగులది చాలు. ప్రతి 40 అడుగులకు కాలువ అడుగుభాగం మట్టం రాసుకుంటూ పోతే, నీరు పారే వైపుకు నేల ఎక్కడ ఎత్తయిందో అక్కడే అడ్డు ఉన్నట్టు. ఆ చోటు సర్వే నంబరు, అడ్డు ఎత్తు, పైపు సైజు రాసి గ్రామసభలో తీర్మానం చేయించాలి. యాసంగి కోతలు అయ్యాక, మిరుగు (మృగశిర) కార్తెకు ముందు ఈ పని పెట్టుకోవాలి. చేలో పంట ఉంటే నడవనివ్వరు, వాన పడ్డాక కొలవలేం.

– నీటిపారుదల శాఖ విశ్రాంత ఉద్యోగి,
దేవరకొండ, నల్లగొండ జిల్లా